షోలో పెట్టిన పడవ

ఇంగ్లండులోని నార్తాంప్టన్‌షైర్‌లో క్రిక్ అని ఒక ఊరు. ఏటా మే నెలాఖరు సెలవుల్లో అక్కడి రేవులో కాలవ పడవల ప్రదర్శన జరుగుతుంది. పడవలు కట్టేవాళ్లు తమ కొత్త పడవల్ని తెచ్చి నీళ్లలోనే వరసగా కట్టి ఉంచుతారు. జనం ఒకదాన్లోంచి దిగి ఇంకోదాన్లోకి ఎక్కుతూ, వంటగట్టు తట్టి చూస్తూ, పడక మీద కూర్చుని లేస్తూ తిరుగుతారు. ఏది బాగుందో ఓట్లు కూడా వేస్తారు. వీటిలో ఎక్కువ పడవల వెడల్పు 6 అడుగుల 10 అంగుళాలు, పొడవు 70 అడుగుల దాకా ఉంటుంది, ఒళ్లంతా ఉక్కు. 18వ శతాబ్దం రెండో సగంలో జేమ్స్ బ్రిండ్లీ లాంటి ఇంజనీర్లు తవ్వించిన ఇరుకు కాలవల లాకులు సుమారు 7 అడుగుల వెడల్పే కావడంతో ఈ కొలత స్థిరపడిపోయింది. లాకు అంటే ఏమిటో గోదావరి, కృష్ణా డెల్టాల వాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. కాటన్ దొర కాలవల్ని పొలాలకే కాక పడవలకూ పనికొచ్చేలా తవ్వించాడు కాబట్టే మనకూ లాకులున్నాయి. మన లాకుల్లో పడవలు దాదాపు కనుమరుగయ్యాయి. ఇంగ్లండులో సరుకు పడవలు పోయినా, అవే కొలతల్లో మనుషులు కాపురముండే పడవలు వచ్చాయి.

షో ముగిశాక కొన్ని పడవలు అమ్ముడుపోకుండా మిగులుతాయి. నాలుగైదు నెలలకు, ఒక్కోసారి ఏడాదికి, వాటిని ‘షోలో పెట్టిన పడవ, కొత్తదే, ధర తగ్గించాం’ అని అమ్మకానికి పెడతారు. కొనొచ్చా? కొనొచ్చనే నా వాదన. అయితే కొనేవాళ్లలో ఎక్కువమంది చెప్పుకునే కారణం, అంటే చవగ్గా వస్తోందన్నది, కారణాలన్నిటిలోకీ బలహీనమైనది. అసలు కారణం వేరే ఉంది. అదేమిటో తెలియకుండా బేరానికి దిగితే, అడగాల్సినవి అడగకుండా, అడగక్కర్లేని తగ్గింపు కోసం పట్టుబట్టి కూర్చుంటాం.

ముందు ఆ చవక సంగతి చూద్దాం. 57 అడుగుల కొత్త పడవ ఇవాళ లక్ష పౌండ్లు దాటేసింది, అందులో 20 శాతం వ్యాట్ కూడా కలిసే ఉంటుంది. అలాంటి ధర మీద కొన్ని వేలు తగ్గిస్తామంటే చెవికి ఇంపుగానే ఉంటుంది. కానీ ఆ తగ్గింపు దేనికిస్తున్నారు? రంగు వేరేవాళ్లు ఎంచారు, పొయ్యి ఎక్కడ పెట్టాలో వేరేవాళ్లు నిర్ణయించారు, పడక అడ్డంగా ఉండాలా నిలువుగా ఉండాలా అన్నదీ వాళ్లే తేల్చేశారు. చీరల కొట్లో బొమ్మకు కట్టిన చీరను కాస్త తగ్గించి ఇచ్చినట్టే ఇదీ. నేతలో లోపమేమీ ఉండదు, ఆ రంగు మనకు నచ్చాలి, అంతే. పైగా ఈ తగ్గింపులో కొంత భాగం పడవ వయసుకే పోతుంది. పడవ వెనక భాగంలో కుడి పక్కన ఒక గుర్తింపు సంఖ్య చెక్కి ఉంటుంది. మొదట దేశానికి రెండు అక్షరాలు, కట్టినవాళ్లకు మూడు, వరస సంఖ్యకు ఐదు, తర్వాత కట్టిన నెలకు ఒక అక్షరం, జనవరికి ఏ, ఫిబ్రవరికి బి అన్న లెక్కన. ఆపైన ఏడాది చివరి అంకె, ఆఖరున మోడల్ సంవత్సరానికి రెండంకెలు. చివర ‘సి424’ అని ఉంటే 2024 మార్చిలో కట్టిన 2024 మోడల్ అన్నమాట. దాన్ని 2025 వేసవిలో ‘కొత్త పడవ’ అని కొన్నా, పదేళ్ల తర్వాత మీరు అమ్మబోయేటప్పుడు ఎదుటివాడు ఆ లోహం మీది అక్షరాల్నే చదువుతాడు, మీ రసీదును కాదు. వయసు తీసేశాక మిగిలే తగ్గింపు అనుకున్నంత ఉండదు.

మరి దేనికి కొనాలి? ఆ పడవ ఉంది కాబట్టి. మాట వింతగా ఉన్నా, పడవల వ్యాపారంలో ఇది పెద్ద విషయం. కొత్త పడవ చేయించుకోవడమంటే బజారుకెళ్లి తెచ్చుకోవడం కాదు. ముందు అడ్వాన్సు కట్టి వరసలో నిలబడాలి, మంచి పేరున్నవాళ్ల దగ్గరైతే ఆ వరస ఏడాది దాటొచ్చు. తర్వాత విడతలవారీగా డబ్బు కడుతూ పోవాలి: ఉక్కు పని అయ్యాక కొంత, ఇంజను పెట్టాక కొంత, లోపలి చెక్కపని అయ్యాక ఇంకొంత. పడవలు కట్టేవి చాలావరకు చిన్న చిన్న సంస్థలు, కొద్దిమంది పనివాళ్లతో, ఒక్కో పడవ డబ్బు మీదే నెల గడుపుకునేవి. ఉక్కు ధర పెరిగినా, ఒక పెద్ద కొనుగోలుదారు వెనక్కి పోయినా తలుపులు మూసేయాల్సి వస్తుంది. అలా మూసినప్పుడు సగం కట్టిన పడవ ఎవరిది? కట్టిన విడత మేరకు హక్కు కొన్నవాళ్లకు వస్తుందని ఒప్పందంలో స్పష్టంగా రాసి లేకపోతే, అది సంస్థ ఆస్తుల్లో కలిసిపోతుంది. డబ్బు కట్టిన మనిషి అప్పులవాళ్ల వరసలో ఆఖరున నిలబడతాడు. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బో, ఇల్లు అమ్మిన డబ్బో అక్కడ పోసినవాళ్లు ఇలా చిక్కుకోవడం ఆ దేశపు కాలవల మీద కొత్త కథేమీ కాదు. షోలో పెట్టిన పడవకు ఈ గండం లేదు. కట్టడం అయిపోయింది, నీళ్లలో తేలుతోంది, డబ్బిచ్చి తాళం తీసుకోవచ్చు. నా లెక్కలో ఈ ఒక్క లాభం ముందు ఏ రంగు నచ్చకపోయినా సర్దుకోవచ్చు.

అయితే ‘షోలో పెట్టిన పడవ’ అన్న పేరు కింద మూడు రకాలు తిరుగుతుంటాయి. ఒకటి, కట్టినవాళ్లే సొంత డబ్బుతో, ఎవరో ఒకరు కొంటారన్న నమ్మకంతో కట్టింది. రెండోది, అప్పటికే ఒకరి కోసం కట్టి, వాళ్ల అనుమతితో నాలుగు రోజులు షోలో నిలబెట్టింది. అందుకు యజమానికి ధరలో కొంత రాయితీ దక్కి ఉండొచ్చు. మూడోది, షోలు అయ్యాక కూడా వచ్చినవాళ్లను ఎక్కించి తిప్పి చూపించడానికి ఒక సీజనంతా వాడింది. నా వాదన మొదటి రకానికి పూర్తిగా వర్తిస్తుంది, మూడోదానికి కొంతవరకు. రెండోదాన్ని దాని యజమాని ఏడాదికే అమ్ముతుంటే అది మామూలు పాత పడవే. ‘షో’ అన్న మాట దానికి విలువ పెంచదు. అమ్మేది వ్యాపారి కాక మామూలు మనిషి కాబట్టి చట్టం ఇచ్చే అండ కూడా బాగా తగ్గిపోతుంది. ప్రకటన చూడగానే అడగాల్సిన మొదటి ప్రశ్న ధర గురించి కాదు, ‘ఇప్పటిదాకా ఇది ఎవరి పేరున ఉంది?’ అని.

ఇక అభ్యంతరాలు. వేలమంది తొక్కిన పడవ కదా అన్నది అందరికన్నా ముందు వినిపించేది, అన్నిటికన్నా తేలికైనదీ అదే. చాలా పడవల దగ్గర చెప్పులు విప్పించి గానీ, చెప్పుల మీద తొడుగులు వేయించి గానీ లోపలికి పంపుతారు. ఎంత జాగ్రత్తపడినా గడప దగ్గర నేల కాస్త గీసుకుపోతుంది, డ్రాయర్ పిడులు వదులవుతాయి, స్నానాల గది తలుపు గొళ్లెం అరుగుతుంది. ఇవన్నీ కంటికి కనిపించేవి, ఒక వడ్రంగి ఒక్కరోజులో సరిచేసేవి. నిజానికి ఇది ఒక రకం పరీక్ష కూడా. నాలుగు రోజులు వేలసార్లు తెరిచి మూసిన తలుపు ఇంకా సరిగ్గా పడుతోందంటే ఆ చెక్కపని నిలబడ్డట్టే.

రెండో అభ్యంతరంలో పస ఎక్కువ. షో కోసం కట్టిన పడవ ఐదు నిమిషాల్లో మెప్పించడానికి కట్టింది, అందులో జనవరి నెల గడపాల్సినవాళ్ల కోసం కాదు అంటారు. లోపలికెళ్లి చూస్తే ఈ మాట ఎంత నిజమో తెలుస్తుంది. బల్ల మీద వైన్ గ్లాసులు, మంచం మీద అరడజను దిండ్లు, రాతి పలక వేసిన వంటగట్టు. కానీ తడిసిన కోటు తగిలించడానికి మేకు ఎక్కడ? బురద బూట్లు ఎక్కడ విప్పాలి? పొయ్యికి వేసే బొగ్గు బస్తా ఎక్కడ పెట్టాలి? మరుగుదొడ్డి తొట్టి బయటికి తీసి ఖాళీ చేసే రకమైతే, రెండో తొట్టికి చోటుందా? ఇవేవీ ఓటు వేసేవాళ్ల తలలోకి రావు. అందుకే కట్టేవాళ్ల తలలోకీ అంతగా రావు. ఇదంతా ఒప్పుకుంటాను. అయినా దీనికి ఇంకో పక్క ఉంది. ఎవరు కొంటారో తెలియకుండా కట్టేవాడు అతివేషాలకు పోలేడు, పదిమందిలో ఎనిమిదిమందికి సరిపోయే అమరికే ఎంచుకోవాలి. సొంతానికి చేయించుకునేవాళ్లే మగ్గం పెట్టుకోవడానికి ఒక గది, మూడు కుక్కలకు ఒక అర అని వింత వింత కోరికలు తీర్చుకుని, తర్వాత అమ్ముకోలేక తిప్పలు పడతారు. మేకులు, అరలు తర్వాత పెట్టించుకోవచ్చు. పొడవు మాత్రం మార్చలేం కనుక దాన్ని ముందే చూసుకోవాలి. షోలో దర్జాగా కనిపించే 70 అడుగుల పడవ ఉత్తరాది పొట్టి లాకుల్లో కొన్నింటిలో పట్టదు. ఎక్కువ కాలవలు తిరగాలనుకునేవాళ్లు 57 అడుగుల దగ్గర ఆగేది అందుకే.

అసలు భయపడాల్సింది ఎవరూ ఎత్తిచూపని చోట ఉంది, నీళ్ల కింద. పడవ నీళ్లలో ఉండగా షో జరిగింది కాబట్టి, పైన పటారం లోన లొటారం అన్న సామెత దీనికి అక్షరాలా అతికే ప్రమాదముంది. మామూలుగా అడుగు రేకు 10 మిల్లీమీటర్లు, పక్కలు 6, పైగది గోడలు 5, పైకప్పు 4. ఈ అంకెలు ప్రకటనలో గొప్పగా వేస్తారు, అందరూ చదువుతారు. కానీ మందం ఒక్కటే తెలిస్తే చాలదు. ఉక్కు రేకును ఫ్యాక్టరీలో ఎర్రగా కాల్చి చదును చేసినప్పుడు పైన నీలి నలుపు పొర ఒకటి ఏర్పడుతుంది, దాన్ని మిల్ స్కేల్ అంటారు. చూడ్డానికి నున్నగా, గట్టిగా ఉంటుంది. దాని మీదే తారు పూత పూసేస్తే కొన్నాళ్లకు ఆ పొర అక్కడక్కడ పగులుతుంది. పగిలిన చోట బయటపడ్డ ఉక్కుకూ చుట్టూ మిగిలిన పొరకూ మధ్య నీళ్లలో చిన్న విద్యుత్ ఘటం తయారవుతుంది, ఆ చిన్న మచ్చలోనే తుప్పంతా లోతుకు దిగుతుంది. రేకంతా 6 మిల్లీమీటర్లూ చెక్కుచెదరకుండా ఉండి, పదిచోట్ల మాత్రం గుంటలు పడి ఉంటాయి. దీనికి మందు ఒకటే: పూత వేయకముందే గ్రిట్ బ్లాస్టింగ్‌తో, అంటే గరుకు రవ్వల్ని గాలి ఒత్తిడితో చిమ్మి, పొర మొత్తం లేపేసి, అప్పుడు ఎపాక్సీ పూత వేయడం. అది ఖర్చుతో కూడిన పని, షో చూసేవాళ్లకు కనపడని పని. ఓట్ల కోసం కట్టే పడవలో డబ్బు ఎటు పోతుందో, ఎటు పోదో చెప్పాలా? అందుకే ఎవరైనా షో పడవ గురించి సలహా అడిగితే నేను ముఖ్యంగా చెప్పేది ఇదే: లోపలి కలపను మెచ్చుకునే ముందు, అడుగును బ్లాస్ట్ చేశారా అని అడిగి, ఆ పని బిల్లు చూపించమనాలి.

దీనికి తోడు ఇంకొకటుంది. షో అయ్యాక ఆ పడవ రేవులో ఊరికే ఉండదు, ఒడ్డు నుంచి కరెంటు తీగ తగిలించి ఉంచుతారు. వచ్చినవాళ్లకు దీపాలు వెలగాలి, ఫ్రిజ్ చల్లగా ఉండాలి కదా. ఆ తీగలోని ఎర్త్ వైరు ద్వారా ఈ పడవ పక్క పడవలతోనూ ఒడ్డు మీది ఇనుముతోనూ కలిసిపోతుంది. మధ్యలో ఆ కలయికను ఆపే గాల్వానిక్ ఐసొలేటర్ గానీ, ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ గానీ లేకపోతే, ఉక్కుకు బదులు తుప్పుకు బలయ్యేలా ఈ పడవ అడుగుకు వెల్డ్ చేసిన మెగ్నీషియం దిమ్మలు రేవులో అందరి ఇనుమునూ కాపాడుతూ తాము కరిగిపోతాయి. అవి అయిపోయాక వంతు ఉక్కుది. ఒక్కరోజు కూడా ప్రయాణం చేయని పడవ, రేవులో కదలకుండా ఉండి పాడవడం ఇలాగే. కొత్తది కదా, పరీక్ష దేనికి అనే మాటను ఈ ఒక్క కారణంతోనే తోసిపుచ్చొచ్చు. పడవను నీళ్లలోంచి లేపి, మన తరపు సర్వేయర్ చేత దిమ్మలు ఎంత మిగిలాయో, రేకు మందం ఎక్కడెక్కడ ఎంతుందో కొలిపించాలి.

వాడకుండా ఉంచడం వల్ల వచ్చే చిక్కులు ఇంజనులోనూ ఉంటాయి. గంటలు చూపే మీటరులో అంకె తక్కువుంటే సంబరపడతాం. కానీ ఆ తక్కువ గంటలూ ఎలా గడిచాయన్నది ముఖ్యం. బ్యాటరీలు నింపడానికి బరువు లేకుండా మెల్లగా తిప్పుతూ పోతే డీజిల్ ఇంజను సిలిండరు లోపలి గోడ అద్దంలా నునుపెక్కిపోయి, రింగులు సరిగ్గా పట్టక నూనె తాగడం మొదలుపెడుతుంది. 50 గంటలకు చేయాల్సిన మొదటి సర్వీసు అసలు చేశారా అన్నదీ అడగాలి. లెడ్ యాసిడ్ బ్యాటరీలు సగం ఛార్జీలో నెలల తరబడి పడి ఉంటే సత్తువ కోల్పోతాయి, వాటిని కొత్తవి అనుకోవడానికి లేదు. ఇంకో చిన్న విషయం చాలామంది మర్చిపోతారు. ముందు భాగంలో ఉండే నీళ్ల ట్యాంకు షోలో ఖాళీగా ఉండొచ్చు. దాన్ని నిండా పట్టించి పడవ నీళ్లలో ఎలా కూర్చుంటుందో చూడాలి. 500 లీటర్లు పట్టే ట్యాంకంటే అరటన్ను బరువు. ముందు భాగం కిందికి వంగినా, పడవ ఒక పక్కకు ఒరిగినా అడుగున పెట్టిన బరువులు మళ్లీ సర్దాలి. సామాన్లు ఎక్కించాక ఆ పని చేయాలంటే నేల పలకలు ఊడదీయాల్సి వస్తుంది.

‘అంత బాగుంటే షోలోనే ఎవరో ఒకరు కొనేసేవారు కదా?’ అని తెలివైనవాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు చాలాసార్లు డబ్బు చేతికందే సమయంలో దొరుకుతుంది. షోలో పడవ నచ్చినవాళ్లలో ఎక్కువమందికి ముందు ఇల్లో, పాత పడవో అమ్ముడుపోవాలి. ఆ అమ్మకం తెగేసరికి శరదృతువు వస్తుంది. కట్టినవాళ్లు అడిగిన ధర షో ఉత్సాహంలో పెట్టింది కూడా అయి ఉండొచ్చు. కానీ ఒక కారణం మాత్రం నిజంగా ఆలోచించదగ్గది. షోకి తెచ్చేది తరచూ కొత్త రకంలో మొదటి పడవ. హైబ్రిడ్ మోటారో, కొత్త రకం వేడినీళ్ల ఏర్పాటో పెట్టి జనాన్ని ఆకర్షిస్తారు. ఆ రకంలో మూడో పడవకు గానీ చిన్న చిన్న లోపాలు సర్దుకోవు. మొదటిదాన్ని కొన్నవాళ్లు ఆ చదువు ఖర్చు తాము భరించినట్టు. మామూలు డీజిలు, మామూలు పైపులు ఉన్న షో పడవను నేను ధైర్యంగా కొనమంటాను. మొదటిసారి పెట్టిన మోటారు ఉన్నదాన్ని, కట్టినవాళ్ల కార్ఖానా దగ్గర్లో ఉండబోయేవాళ్లను మాత్రమే కొనమంటాను.

చట్టం సంగతి క్లుప్తంగా. అమ్మేది వ్యాపారి, కొనేది సొంతానికి అయితే బ్రిటన్‌లో 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం వర్తిస్తుంది. నాణ్యత సరిగా లేకపోతే 30 రోజుల్లో తిరిగి ఇచ్చేయొచ్చు. ఆరు నెలల్లోపు బయటపడ్డ లోపం కొన్ననాడే ఉందని చట్టం అనుకుంటుంది, లేదని నిరూపించుకోవాల్సింది అమ్మినవాళ్లే. ‘ఉన్నది ఉన్నట్టుగా అమ్ముతున్నాం’ అని రసీదు మీద రాసినంత మాత్రాన ఇది చెరిగిపోదు. అయితే అమ్మకానికి ముందే మనకు చూపించిన లోపాలకు, మన పరీక్షలో తెలిసి ఉండాల్సిన లోపాలకు ఈ అండ ఉండదు. కాబట్టి సర్వేయర్ నివేదికలో తేలిన ప్రతిదాన్నీ వాళ్లు సరిచేసి ఇవ్వాలని ఒప్పందంలో రాయించుకోవాలి, ఊరికే చదివి పక్కన పెట్టకూడదు. పడవలకు సంబంధించిన 2017 నియమాల ప్రకారం ఇవ్వాల్సిన అనుగుణ్యతా పత్రం, యజమాని చేతిపుస్తకం కూడా చేతికి రావాలి. అవి ఉంటే కాలవల లైసెన్సుకు మొదటి నాలుగేళ్లు విడిగా భద్రతా పరీక్ష అక్కర్లేదు. ఇంజను వారంటీ ఏ రోజు నుంచి మొదలవుతుందో కాగితం మీద రాసివ్వమనాలి. షోకి ముందే లెక్క మొదలై ఉంటే సగం గడువు అప్పటికే గడిచిపోయి ఉండొచ్చు.

ఇక బేరం దగ్గరికొస్తే, ఇంకో మూడు వేలు తగ్గించమని అడగడం కన్నా పనులు అడగడం మేలు. ధర తగ్గిస్తే కట్టినవాళ్ల జేబులోంచి మూడు వేలూ పోతాయి. అదే పనులు వాళ్ల సొంత కార్ఖానాలో, వాళ్ల మనుషులతో చేయిస్తే వాళ్లకు తక్కువలో అయిపోతుంది, మనం బయట చేయించుకుంటే అంతకన్నా ఎక్కువవుతుంది. పడవను లేపి అడుగు బ్లాస్ట్ చేసి ఎపాక్సీ వేయడం, కొత్త దిమ్మలు, కొత్త బ్యాటరీలు, మొదటి సర్వీసు, కోట్లు తగిలించడానికి మేకులు, బొగ్గుకు ఒక పెట్టె: జాబితా ఇలా ఉండాలి. రేవు అద్దె కడుతూ, పెట్టుబడి ఇరుక్కుపోయి ఉన్న కట్టేవాళ్లు చలికాలం మొదట్లో ఎక్కువ మెత్తబడతారు. కానీ ఎపాక్సీ చలిలో సరిగ్గా గట్టిపడదు. అందుకని బేరం నవంబరులో కుదుర్చుకుని, పూత ఏప్రిల్‌లో వేసి ఇవ్వాలని, అప్పటిదాకా డబ్బులో కొంత మన దగ్గరే ఉంటుందని రాయించుకుంటే సరి.